పచ్చరెక్కల కంపు

గుండ్లవాగు సస్యరక్షణ కేంద్రం దినచర్య
రాస్తున్నది: యడవల్లి ప్రసూన, కేంద్రం అధికారి

మఖ కార్తె, చివరి రోజులు

విశ్వవిద్యాలయం డ్రోన్ ఈ పొద్దున మిత్రపురుగుల్ని పెంచే మా మిత్రశాల కప్పు మీద ఆఖరి పెట్టెలు దించి వెళ్లింది. అన్నింట్లోనూ పచ్చరెక్కలే. ఈ పురుగుకు విశ్వవిద్యాలయం పెట్టిన పేరు వేరే ఉంది, అది ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు. దోసగింజంత ఒళ్లు, దాని మీద జల్లెడలాంటి పల్చటి రెక్కలు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాని పిల్లపురుగు మాత్రం చిన్న మొసలి. దొరికిన ప్రతి మెత్తటి పురుగునూ కొండీల్లాంటి నోటితో పొడిచి, లోపలి రసం పీల్చేసి, ఒట్టి తోలు వదిలేస్తుంది. ప్రయోగశాలలో దాని ఆకలి పెంచారు, ఆయుష్షు పెంచారు, ఎండకూ చలికీ చావకుండా చేశారు.

పెట్టెలతోపాటు ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి రాష్ట్రమంతటా ఇదొక్కటే పద్ధతి. పురుగు గుడ్లను తినే చిట్టి కందిరీగలను అంటించిన అట్టకార్డులు, మగ రెక్కపురుగులను పట్టే ఎర బుట్టలు, వేపగింజల కషాయం, పురుగును చేలోంచి లాగే గట్ల మీది ఆముదం, బంతి అన్నీ ఆపేయాలి. ఒక్కదాని మీదే ఆధారపడవద్దని, నాలుగు పద్ధతులూ కలిపి నడపాలని నాకు చదువు చెప్పింది ఈ విశ్వవిద్యాలయమే. ఆ పాఠం చెప్పిన డాక్టర్ విద్యాధర్ గారే ఇప్పుడు విస్తరణ విభాగం అధిపతి. ఉత్తర్వు కింద సంతకం ఆయనదే.

మిత్రశాలలో నాతో పనిచేసే మరియమ్మా నేనూ మధ్యాహ్నమంతా జొన్ననూక ట్రేలు పారబోశాం. కార్డుల కోసం ఆ నూకలో పురుగుల్ని పెంచేవాళ్లం. ఉండలు కట్టిన గూళ్లు, వాటిలో తెల్లగా మెదిలే లద్దెపురుగులు, గొంతుకు అడ్డంపడే రెక్కల పొడి. మరియమ్మ కొంగు ముక్కుకు చుట్టుకుని, ఈ దరిద్రం వదిలిందని దణ్ణం పెట్టింది. ఉత్తర్వు నచ్చకపోయినా, ఆ ట్రేలు పోయినందుకు నాకూ హాయిగానే ఉంది.

ఉత్తర కార్తె

పురుగుమందులు నిషేధించి ఒక తరం గడిచింది. చేలో ఏం చేయాలన్నా విశ్వవిద్యాలయం మాటే. ప్రతి ఊరి మొదట్లోనూ ఒక స్తంభం, దానికి కళ్లూ ముక్కూ గొంతూ ఉన్నాయి. చేలల్లో పురుగు లెక్క తనే చూసుకుని, తెల్లారగానే చెబుతుంది. పచ్చరెక్కలను చేలల్లో వదిలాక, ఈ కార్తె మొదలైనప్పటినుంచి అది ఒకే మాట చెబుతోంది: గుండ్లవాగులో చీడపురుగు సున్న.

మొదటి రోజు ఊరు ఊరంతా వచ్చి స్తంభం ముందు నిలబడి విన్నారు. రైతు సంఘం పెద్ద మస్తాన్ వలి నన్ను పట్టుబట్టి ఇంటికి తీసుకెళ్లాడు. యాభై దాటినవాడు, మిరపా పత్తీ వేస్తాడు, మాట కటువు. తామర పురుగుకు మిరపచేలు మూడేళ్లు పోగొట్టుకుని నన్ను తిట్టని తిట్టు లేదు. ఆ రోజు మాత్రం కోడలు రిజ్వానా చేత టీ పెట్టించాడు. ఆ అమ్మాయికి నెలలు నిండాయి, మొగుడు దూరాన వేరే ఊళ్లో పనిచేస్తాడు.

టీ ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. మనిషి మలం వాసన. గ్లాసు కడగలేదనుకున్నాను. వలి కూడా ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. కోడల్ని పిలిచి కోప్పడబోతుంటే టీ గిన్నెలోకి చూశాను. మీగడలో రెండు పచ్చరెక్కలు ఉడికిపోయి తేలుతున్నాయి.

పచ్చరెక్క బెదిరితే ఈ కంపు వదులుతుందని పుస్తకంలో ఉంది. పుస్తకంలో అది ఒక వాక్యం.

హస్త కార్తె

చేలల్లో తినడానికి ఏమీ మిగల్లేదు. అందుకని పచ్చరెక్కలు ఊళ్లోకి వచ్చాయి.

వెలుతురు ఉన్న ప్రతిచోటా గోడలు పచ్చగా కదులుతున్నాయి. చీపురుతో కొడితే కంపు ఇంకా ఎక్కువ. అన్నం వార్చేటప్పుడు గంజిలో పడతాయి, పాలు పిండేటప్పుడు చెంబులో పడతాయి. పాల కేంద్రం వాళ్లు గుండ్లవాగు పాలు వద్దని క్యాన్లు వెనక్కి పంపారు. ఆడవాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నారు, జడలో చేరితే తలస్నానం చేసినా పోదు. నేను తినడం తగ్గించాను. ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, అంటే తొక్క ఉన్నవే తింటున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గేమీ లేదు. అధికారి అయినంత మాత్రాన నా ముక్కు పనిచేయడం మానదు.

సొరపాదులకూ దోసపాదులకూ పూత నిలబడాలని ఊళ్లో చిన్న తేనెటీగల పెట్టెలు పెట్టించాను. ఈరోజు మూత తీస్తే తేనెగదుల్లో పిల్లలు లేవు. ఒట్టి తోళ్లు. వాటి మధ్య పచ్చరెక్క పిల్లలు బలిసి, తిన్నవాటి తోళ్లను వీపున మోసుకుంటూ తిరుగుతున్నాయి. పెట్టె కింద పెట్టేసి గట్టు మీద కూర్చుండిపోయాను.

విద్యాధర్ గారికి ఫోన్ చేశాను. మొత్తం విన్నారు. తర్వాత చాలా మృదువుగా, స్తంభం ఏం చెబుతోందని అడిగారు. సున్న అంటోందన్నాను. మరి ఇబ్బందేమిటన్నారు. స్తంభానికి చీడపురుగును లెక్కపెట్టడం నేర్పారు, మిత్రపురుగు దానికి చీడ కాదు. పక్క రాష్ట్రాలవాళ్లు మన పద్ధతి చూడ్డానికి వస్తున్నారనీ, ఇలాంటి సమయంలో వాసన గురించి కాగితం మీద పెట్టవద్దనీ చెప్పారు. చివర్లో ఆరోగ్యం జాగ్రత్త అన్నారు.

చిత్త కార్తె, మొదట్లో

రిజ్వానాకు మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఉయ్యాలకు దోమతెర కట్టారు. దోమతెర రంధ్రాల్లో పచ్చరెక్క పట్టదు, కానీ దాని పిల్ల పడుతుంది.

నేను వెళ్లేసరికి పిల్లాడి ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. రెప్ప వాచి చింతగింజంత అయింది. ఆ పిల్లపురుగులు తడి కోసం ఒంటిని కుట్టి పీలుస్తాయి. రిజ్వానా వాడి మొహం మీద నుంచి ఒక్కోదాన్నీ వేళ్లతో ఏరి చితికేస్తోంది. ఆమె వేళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఏడవడం లేదు. నన్ను చూసి అంది:

“మీరు తెచ్చిందే గదా మేడం ఇది. మా మామయ్య మీకు టీ కూడా పెట్టించాడు.”

పిల్లాడిని కేంద్రం జీపులో పట్నం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చూపుకు ప్రమాదం లేదన్నాడు. రిజ్వానా అటునుంచి అటే పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో నాలుగైదు ఇళ్లు ఖాళీ అయ్యాయి.

తిరిగి వచ్చాక వలి నన్ను పశువుల కొట్టం వెనక్కి తీసుకెళ్లాడు. మట్టి తవ్వి ఉంది. తుప్పుపట్టిన డబ్బా ఒకటి బయటికి తీసి పెట్టాడు. నిషేధానికి ముందు వాళ్ల నాన్న పూడ్చిపెట్టిన మందు. మూత దగ్గర ముక్కు పెట్టకుండానే ఆ వాసన తెలిసింది. ఇల్లంతా చల్లుతానని చెప్పాడు. ఇల్లు అంటే వంటగదీ, మంచాలూ, నీళ్ల కుండలూ.

కొన్ని రోజులు ఆగమని బతిమాలాను. ఏదో ఒకటి చేస్తానన్నాను. ఏం చేస్తానో అప్పటికి నాకే పూర్తిగా తెలియదు.

“అలసంద మొలకెత్తేదాకా ఆగుతా,” అన్నాడు చివరికి. “ఆ తర్వాత నీ మాట వినను.”

అలసంద అని ఎందుకన్నాడంటే, బతిమాలేటప్పుడు ఊరిచుట్టూ అలసంద వేద్దామని ఒక ఆలోచన సగం చెప్పి సగం మింగాను.

చిత్త కార్తె, చివర్లో

ఆలోచన ఇది. పచ్చరెక్కకు పేనుబంక అంటే, మొక్కల రసం పీల్చే ఆ చిన్న నల్ల పురుగంటే, ప్రాణం. పేనుబంక ఒలికించే తీపి జిగట వాసన తగిలితే ఎక్కడున్నా వచ్చి అక్కడే గుడ్లు పెడుతుంది. అలసంద మొక్కకు పేనుబంక ఇట్టే పడుతుంది. ఊరిచుట్టూ అలసంద వేసి, దానికి పేనుబంక పట్టించి, పచ్చరెక్కలు ఇళ్లు వదిలి అక్కడికి చేరి గుడ్లు పెట్టగానే, ఆ సాళ్లను పురుగులతో గుడ్లతో సహా కోసి గోతిలో పూడ్చిపెట్టాలి. ఒక సాలు కోసేలోపు పక్క సాలు ఎరగా నిలబడి ఉండాలి. అంటే చీడను కాపాడి పెంచి, దాంతో మిత్రుణ్ని చంపాలి.

విశ్వవిద్యాలయాన్ని అనుమతి అడిగాను. జవాబు వెంటనే వచ్చింది. సస్యరక్షణ అధికారి చీడపురుగును పెంచడం శిక్షార్హం. మిత్రపురుగును చంపడం అంతకన్నా పెద్ద నేరం.

అనుమతి రాకపోయినా మరియమ్మా నేనూ కేంద్రం భూమిలోనూ ఊరిచుట్టూ గట్ల మీదా అలసంద వేశాం. ఇక పేనుబంక కావాలి. పచ్చరెక్కలు నాకేసిన ఈ నేలలో పేనుబంక ఎక్కడిది? చీమలు కాపలా కాసేచోట ఉంటుందని గుర్తొచ్చింది, ఆ జిగట కోసం చీమలు దాన్ని పశువుల్లా మేపుకుంటాయి. మూడు రోజులు రోడ్లవెంట తిరిగాం. కాలవ గట్టు మీద ఒక గిరిపుష్పం చెట్టుకు కొమ్మలన్నీ నల్లగా కనిపించాయి. దగ్గరికి వెళితే నువ్వులు అద్దినట్టు పేనుబంక, దాని మీద ఎర్రచీమలు. కొమ్మలు కోస్తుంటే చీమలు మోచేతులదాకా ఎక్కాయి. మరియమ్మ మొగుణ్ని తిట్టినట్టు నన్ను తిట్టింది. కొమ్మల్ని దోమతెరల్లో చుట్టి జీపులో వేసుకున్నాం.

ఇన్నేళ్లు దేన్ని చూస్తే వేళ్లతో నలిపేశానో దాన్ని ఈరోజు ఆకు చిరగకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. జిగట చీరకు అంటి ఎండి అట్టలు కట్టింది.

స్వాతి కార్తె

పచ్చరెక్కలూ వాటి పిల్లలూ చొరబడకుండా రెండు పొరలుగా కట్టిన దోమతెరల పందిళ్ల కింద, అలసంద మొక్కలకు పట్టించిన పేనుబంక పెరుగుతోంది. కాండం కనబడదు. నల్లటి ముద్దలు, వాటి నుంచి కారే జిగట, జిగట మీద ఈగలు, ఆకుల మీద మసి. పొద్దున్నే వెళ్లి వాటికి నీళ్లు పోస్తున్నాను. ఊళ్లోవాళ్లు దారిన పోతూ తెరలోకి చూసి ఉమ్మేసి పోతున్నారు. ఒకాయన నా ఎదుటే ఉమ్మాడు. అతన్ని తప్పుపట్టలేను, నాకూ ఉమ్మాలనే ఉంది.

వలి రోజూ వచ్చి చూసి, ఇంకా ఎన్నాళ్లని అడిగి వెళుతున్నాడు. పేనుబంకను పెంచే ఆఫీసరమ్మను తన జన్మలో చూడలేదన్నాడు. తెరలు తీయాలంటే పేనుబంక ఇంకాస్త గుంపు కట్టాలని చెప్పాను. అతని భార్య నీళ్లు కూడా తాగడం లేదని, గొంతులో ఏదో పాకుతున్నట్టుందని రోజంతా కక్కుతోందని అతను చెప్పాడు. ఆమెను కోడలి దగ్గరికి పంపమన్నాను. పంపాడు.

ఒంటరిగా ఉన్న ఇంట్లో ఈరోజు పొద్దున మందు చల్లాడు.

మరియమ్మ వచ్చి చెబితే పరిగెత్తాను. వాకిట్లో కోళ్లు చచ్చి పడి ఉన్నాయి. లోపల గోడల కింద పచ్చరెక్కలు చీపురుతో ఊడ్చినట్టు పోగులుపడి ఉన్నాయి. వలి గడప మీద బోర్లా పడి ఉన్నాడు. నోటినుంచి నురగ, కంటిపాపలు సూదిమొనలంత, బట్టలు తడిసిపోయి ఉన్నాయి. చొక్కా కోసేసి, ఒళ్లంతా సబ్బునీళ్లతో కడిగి, జీపులో పడుకోబెట్టాం. దారంతా అతని తల నా ఒళ్లో ఉంది. మందు కంపు, పచ్చరెక్క కంపు, మనిషి కంపు కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఆసుపత్రిలో ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇచ్చారు. బతుకుతాడన్నారు.

ఆసుపత్రి వరండాలో ఉండగానే విద్యాధర్ గారి ఫోన్ వచ్చింది. మందు వాసన స్తంభం పట్టేసిందట, నిషేధించినది వాడినందుకు వలి మీద నేను కేసు పెట్టాలట.

“మన పద్ధతిలో లోపం లేదమ్మా. రైతు అలవాటులో లోపం ఉంది. ఆ ఒక్క వాక్యం రాసి పంపు, చాలు,” అన్నారు.

నాకు పాఠాలు చెప్పిన గొంతే. అప్పట్లో చేలోకి దిగి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఆకు తిప్పి చూపించిన మనిషి. వలి కోడలి బిడ్డ కన్ను గురించి చెప్పాను. కోళ్ల గురించి చెప్పాను. ఆయన, వాక్యం సాయంత్రంలోగా రావాలన్నారు. నేను పంపలేదు. వరండా చివరికి వెళ్లి మొహం కడుక్కుని, వలి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

విశాఖ కార్తె

వలి ఇంట్లో పచ్చరెక్కలు చచ్చాయని తెలిసి ఊళ్లో నాలుగు చోట్ల నేల తవ్వడం మొదలైంది. పాత డబ్బాలు ఇంకెన్ని ఉన్నాయో. ఆగడానికి టైము లేదు. పేనుబంక అనుకున్నంత కాకపోయినా తెరలన్నీ ఎత్తేశాం.

మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు సాయంత్రం గాలి చేలవైపు నుంచి ఊరివైపు తిరిగింది. ఇళ్లలోంచి పచ్చరెక్కలు లేచాయి. కిటికీల్లోంచి, పెంకుల సందుల్లోంచి, బడి వరండాలోంచి పొగలా బయటికి వచ్చి అలసంద సాళ్ల మీద వాలాయి. జనం వీధుల్లో నిలబడి చూశారు. మర్నాటికి ప్రతి ఆకు అడుగునా, వెంట్రుకంత కాడల మీద నిలబెట్టిన గుడ్లు.

ఇక కోత. ఇది మాత్రం నేను ముందుగా ఊహించుకోలేదు, ఊహించుకుని ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదేమో. కొడవలి తగిలిన ప్రతిచోటా వేలకొద్దీ పురుగులు బెదిరి కంపు వదిలాయి. జిగటా, కంపూ, పచ్చటి రసం మోచేతుల మీదుగా కారాయి. కోసినవారంతా కక్కారు. కక్కి మళ్లీ కోశారు. గోతుల్లో వేసి తొక్కి సున్నం చల్లి మట్టి కప్పాం. నిన్నమొన్నటిదాకా నా తెర మీద ఉమ్మిన ఆయన గోతిలోకి దిగి తొక్కాడు.

అలా ఒకదాని తర్వాత ఒకటి సాళ్లన్నీ. నాలుగో సాలు కోసేసరికి ఇళ్లలో గోడలు గోడల రంగులో కనిపించాయి. పాతడబ్బాల కోసం తవ్వినవాళ్లు గుంతలు పూడ్చేశారు. డబ్బాలు తెచ్చి కేంద్రంలో అప్పగించమన్నాను, అప్పగించారు.

వలి ఆసుపత్రి నుంచి వచ్చాడు. సగం మనిషయ్యాడు. గొంతు పోయింది, గుసగుసగా మాట్లాడతాడు. గోతుల దగ్గర కాసేపు నిలబడి, ఆగి ఉంటే బాగుండేదేమోనన్నాడు. ఆగమని చెప్పినంత తేలిగ్గా ఆ ఇంట్లో ఒక్క పూట నేనుండగలిగేదాన్నా? ఆ మాటే అతనితో అన్నాను.

అనూరాధ కార్తె

విద్యాధర్ గారు స్వయంగా వచ్చారు. కారు దిగగానే ముక్కుకు రుమాలు పెట్టుకున్నారు. అలసంద సాళ్లు చూశారు, గోతులు చూశారు. నా మీద చర్య తీసుకోవడానికి వచ్చారనుకున్నాను. ఆయన నా భుజం తట్టారు.

ఇలాంటి గోల రాష్ట్రంలో చాలా ఊళ్ల నుంచి వస్తోందని అప్పుడు తెలిసింది. అందరికీ వాసన గురించి రాయవద్దనే చెప్పారట. ఇప్పుడు విరుగుడు దొరికింది గనక రోగం ఉందని ఒప్పుకోవచ్చు. విశ్వవిద్యాలయం కొత్త పథకం ప్రకటించబోతోంది. పేరు కూడా సిద్ధం: ‘మిత్రభోజనం’. రాష్ట్రమంతటా ఒకే వారంలో ప్రతి ఊరిచుట్టూ అలసంద వేసి పేనుబంక పట్టించాలి. ప్రకటన నా గొంతుతోనే అన్ని స్తంభాల్లోనూ వినిపిస్తారు. చదవాల్సింది రాసి తెచ్చారు.

చదివాను. పేనుబంక పెంచమని ఉంది. కోసి పూడ్చమని ఎక్కడా లేదు. పొరపాటున వదిలేశారేమో అని అడిగాను.

“మన పురుగును మనమే చంపమని మనమే ఎట్లా చెబుతాం?” అన్నారు. “తిండి పెడితే అవే ఇళ్లు వదిలిపోతాయి. జనానికి అంతవరకు చాలు.”

తిండి పెట్టి చంపకపోతే వచ్చే కార్తెకు పదింతలు అవుతాయి. అది ఆయనకు తెలుసు. ఇంకోటి కూడా ఆయనకు తెలుసు, ఎందుకంటే అది నాకు చెప్పింది ఆయనే: ఈ నల్ల పేనుబంక వేరుశనగకు కూడా పడుతుంది, తెగులు మోసుకెళుతుంది. దక్షిణాన జిల్లాలకు జిల్లాలు వేరుశనగే. అక్కడ గట్టుగట్టునా దీన్ని పెంచితే వేరుశనగచేను మిగలదు. ఈ మాటంటే, ఒక్కో జిల్లాకు ఒక్కో పద్ధతి అంటే అమలు చేసే నాథుడుండడని చెప్పారు. రాష్ట్రమంతటికీ ఒకే మాట ఉండాలి, ఒకే గొంతు ఉండాలి.

ఆయన రుమాలు మీద అత్తరు చల్లుకుని వచ్చారు. ఆ అత్తరు వాసన తప్పించుకోవడానికి నేను గోతివైపు జరిగి నిలబడ్డాను.

జ్యేష్ఠ కార్తె

ఈ పొద్దున విశ్వవిద్యాలయం భవనంలో, చల్లటి గాజు గదిలో కూర్చుని మాట్లాడాను. చదువుతానని ఒప్పుకున్న కాగితం ఎదుట ఉంది. విద్యాధర్ గారు గాజుకు అవతల నవ్వుతూ కూర్చున్నారు. మొదటి రెండు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే చదివాను, ఎర్రదీపం వెలిగి, మాట నేరుగా స్తంభాలకు వెళుతోందని తేలేదాకా.

తర్వాత కాగితం పక్కన పెట్టి చెప్పాను. వేరుశనగ వేసినవాళ్లు అలసంద వేయవద్దు. వేసినవాళ్లు పేనుబంకను పెంచి ఊరుకోవద్దు, పచ్చరెక్కలు గుడ్లు పెట్టగానే కోసి లోతుగా పూడ్చండి, కడుపులో తిప్పినా ఆగవద్దు. పాత మందు డబ్బాలు తవ్వవద్దు, గుండ్లవాగులో ఒక మనిషి చావు అంచుకు వెళ్లి వచ్చాడు. సున్న అని స్తంభం చెప్పినప్పుడు నమ్మవద్దు, పురుగు సున్న అయితే మిత్రుడి ఆకలికి మన ఇల్లే మిగులుతుంది. ఏ ఊరివాళ్లు ఆ ఊరి చేలు చూసి...

అక్కడ ఆపేశారు. గదిలో ఎర్రదీపం ఆరిపోవడం చూశాను. విద్యాధర్ గారు లోపలికి వచ్చి, నా ఎదుట కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. కోప్పడలేదు. ఉద్యోగం పోయిందని కిందికి దిగేలోపు గుమాస్తా చెప్పాడు. జీపు తాళాలు అక్కడే ఇచ్చేసి బస్సెక్కాను.

గుండ్లవాగు స్తంభంలో చివరి మాటదాకా వినిపించిందట. వలి ఆ గుసగుస గొంతుతోనే చెప్పాడు. ఇంకా ఎన్ని ఊళ్లలో వినిపించిందో తెలియదు. రిజ్వానా పిల్లాణ్ని తీసుకుని వచ్చింది. వాడి కన్ను తెరుచుకుంది. నాతో మాట్లాడలేదు గానీ, కడిగి సున్నం వేసిన తమ ఇంట్లో నాకు పడుకోవడానికి చోటుందని అత్త చేత చెప్పించింది.

జ్యేష్ఠ కార్తె, మర్నాడు

కేంద్రం దినచర్య రాయడానికి ఇక నాకు హక్కు లేదు. అయినా ఇదొక్కటి రాస్తాను.

పొద్దున తెలియని నంబరు నుంచి ఫోన్. దక్షిణాన వేరుశనగ జిల్లాలో నాలాంటి కేంద్రమే, అధికారి పేరు ఉరుకుందమ్మ. ఎప్పుడూ కలవలేదు. నిన్న సగంలో తెగిపోయిన మాట మిగతాది చెప్పమంది.

“అలసంద వేయగూడదన్నారు, సరే. మరి మేమేం చేయల్ల మేడం?”

నాకు తెలియదన్నాను. మీ నేల నేనెప్పుడూ చూడలేదు, మీ ఊళ్లో ఎక్కడ చేరాయో, ఏం తింటున్నాయో, దేనికి లేచి వస్తాయో మీరే చూడాలన్నాను. స్తంభాలు వచ్చాక చేలోకి దిగడం మానేశానని, మిత్రశాల తలుపు తీసి కూడా చాలా రోజులైందని, లోపలి కంపు బయటికే వస్తోందని ఆమె చెప్పింది.

ఇప్పుడు తీయమన్నాను. ఫోన్ పెట్టేయకుండా తీయమన్నాను.

గొళ్లెం చప్పుడు వినిపించింది. తలుపు కిర్రుమంది. వెంటనే దగ్గు, తర్వాత కక్కుకోవడం. ఆమె ఫోన్ పెట్టేయలేదు. మళ్లీ కక్కింది. నీళ్లు పుక్కిలించిన చప్పుడు. తర్వాత అడుగులు, ముందు మెల్లగా, ఆ తర్వాత కింద ఏదో చితుకుతున్న చప్పుడుతో.

“లోపలికి వచ్చినా మేడం,” అంది. “చెప్పండి. మొదట దేన్ని చూడల్ల?”